రంగు వేసిన జీనువాయిలు

పెందుర్తి.

దేవిశ్రీ నాన్నకి రాణి రాస్తున్నది.

ఇక్కడ నేను, పాప, అత్తమ్మ ఆరోగ్యంగానే ఉన్నాం. మీకు అక్కడి నీళ్ళు పడుతున్నాయో లేదో, రాత్రిళ్ళు కప్పుకోవడానికి ఏమైనా ఇస్తున్నారో లేదో అని అనుకుంటూనే ఉంటాను. మీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైనందుకు కోపం తెచ్చుకోకండి. మొదలుపెట్టడం, చించేయడం అవుతోంది. పోయినసారి ములాఖత్‌కి వచ్చినప్పుడు జాలీ అవతల మీ ముఖం చూసి, చెప్పాలనుకున్నది చెప్పలేదు. "అన్నం తిన్నారా" అని అడిగి వచ్చేశాను. అందుకే కాగితం పట్టుకున్నాను. జైల్లో ఉత్తరాలు విప్పి చదివాకే ఇస్తారని తెలుసు. చదివితే చదవనివ్వండి.

ముందు మీరు అడిగినవి చెబుతాను. పాపకి దగ్గు తగ్గింది. బడిలో టీచరమ్మ అడిగితే, "మా నాన్న ఓడలో పనికెళ్ళాడు" అని చెప్పిందట. ఆ మాట నేను నేర్పలేదు. వంటింటి రేకు కారకుండా పైన పాత ఫ్లెక్సీ కప్పి ఇటుకలు పెట్టాను. వానలకి ఆగింది. అత్తమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నాతో మాత్రం మాట్లాడటం లేదు. ఎందుకో కింద రాస్తాను.

వల దగ్గర మిగతావాటిని పిలవడానికి మీరు పెంచిన ఎర్ర జీనువాయి పిట్టల జత గురించి అడిగారు. మిమ్మల్ని పట్టుకెళ్ళిన రోజు ఫారెస్టు వాళ్ళు వలలూ పెద్ద పంజరాలూ తీసుకుపోయారు కానీ, వంటింట్లో బియ్యం డబ్బాల వెనక ఉన్న ఆ చిన్న గూడు చూడలేదు. కొన్నాళ్ళు నేనే కొర్రలు వేశాను. చల్లబడితే రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకే పిట్టలా ముడుచుకుని పడుకునేవి. తరవాత సింహాద్రి అన్నయ్య వచ్చి తీసుకుపోయాడు.

అచ్యుతాపురం ఫ్యాక్టరీలో మిమ్మల్ని పని మాన్పించినప్పుడు, మీరు మళ్ళీ మామయ్య వలలు దులిపి బయటికి తీస్తుంటే వద్దని గట్టిగా అనలేకపోయాను. మామయ్య రోజుల్లో పిట్టల్ని బజారులో బాహాటంగా అమ్మేవారు కదా, ఇప్పుడు మాత్రం ఎవరు చూస్తారులే అనుకున్నాను. రెండోసారి పట్టుబడ్డారని బెయిల్ ఇవ్వకపోయేసరికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియలేదు. అప్పుడు మీ బావ సింహాద్రి ఇంటికి వచ్చాడు. అత్తమ్మకి అన్న కొడుకు, మీకు చిన్నప్పటి నుంచీ తోడు. రాగానే అత్తమ్మ కన్నీళ్ళు తుడిచాడు.

"ఏటమ్మా రాణీ, కోటిగాడు వచ్చేదాకా ఇంట్లో కూకుని ఏటి సేత్తావ్? గొడౌన్లో పిట్టలకి మేతేసే మనిషి లేదు. నువ్వు రా. లాయర్ని నాను సూసుకుంటాను" అన్నాడు.

లాయరుని నిజంగానే చూసుకున్నాడు. ఆ మాట దాచను. మీ కోసం హైకోర్టు దాకా కాగితాలు పంపించాడు.

మీరు పట్టిన పిట్టల్ని చేర్చే ఆ గొడౌను మీకు తెలిసిందే, కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన. రైళ్ళ చప్పుడులో పిట్టల అరుపు బయటికి వినిపించదు. మొదట్లో మేత వేయడం, నీళ్ళు మార్చడం, అంతే. చుక్కల జీనువాయిలు, నల్లతలవి, తెల్లగొంతువి, వేటికవి విడిగా ఉండేవి. కొన్నాళ్ళకి నా ముందు రంగు గిన్నెలు పెట్టాడు. బట్టలకి వేసే రంగే. తెల్లగొంతు జీనువాయిలు చూడటానికి అందంగా ఉండవని ఎవరూ కొనరట. వాటిని ఆకుపచ్చ రంగులో ముంచి, ఆరబెట్టి, ఆకుపచ్చ జీనువాయిలని చెప్పి అమ్ముతారు. అసలైనవి ఎక్కడో ఉత్తరాది కొండల్లో ఉంటాయని, అవి చాలా తక్కువని, మామయ్య కూడా జన్మలో చూడలేదని మీరే ఒకసారి చెప్పారు. నేను రోజుకో బుట్టెడు తయారుచేశాను.

మెడ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, కళ్ళలో పడకుండా ముంచాలి. అరచేతిలో దాని గుండె కొట్టుకోవడం తెలుస్తుంది. తడిసిన పిట్ట బొటనవేలంత అయిపోతుంది. ఆరాక ముక్కుతో ఈకలు సవరించుకుంటూ ఆ రంగే మింగుతుంది. పొద్దున వెళ్ళేసరికి పంజరం అడుగున కొన్ని పడి ఉండేవి. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను.

"అన్నయ్యా, ఇవి సచ్చిపోతన్నాయి కదా?"

"సస్తే సస్తాయి. కొన్నోడింటికెళ్ళేదాకా బతికితే సాలు" అన్నాడు.

ఇంటికొచ్చి ఎంత తోమినా గోళ్ళలో ఆకుపచ్చ పోయేది కాదు. పాప నా చేతి ముద్ద తినకుండా స్పూను అడిగేది. అయినా మానలేదు. మీరు బయటికి రావాలి, అందుకు సింహాద్రి అన్నయ్య కావాలి. అదొక్కటే నాకు తెలిసిన లెక్క.

ఆ మధ్యలో ఫారెస్టు ఆఫీసు నుంచి మధులత మేడం మన ఇంటికి వచ్చింది. మిమ్మల్ని పట్టుకున్న రోజు జీపులో కూర్చున్న ఆవిడే. మీరు పిట్టల్ని ఎవరికి ఇచ్చేవారని అడిగింది. నాకు తెలియదన్నాను. ఆవిడ నా చేతుల వైపు చూసింది. ఫోన్ నంబరు రాసిచ్చి, పాప తల నిమిరి వెళ్ళిపోయింది.

ఇప్పుడు రాయబోయేదే నేను దాచింది. మీరు కూర్చుని చదవండి.

వానలు తగ్గుముఖం పట్టినప్పుడు గొడౌనుకి ఎర్ర జీనువాయిల పెద్ద లోడు వచ్చింది. గూళ్ళు కట్టే రోజులు కదా, మగవన్నీ పండిన మిరపకాయల్లా ఎర్రగా, ఒంటినిండా తెల్ల చుక్కలతో ఉన్నాయి. వాటికి రంగు వేసే పని కూడా లేదు. మధ్యాహ్నం అన్నయ్యకి ఎవరో ఫోన్ చేశారు. సాయంత్రానికి తనిఖీకి వస్తున్నారని చెప్పారట. అతని ముఖం పాలిపోయింది. మూలనున్న సిమెంటు సంచులు తెచ్చి, పంజరాల తలుపులు తీసి, పిట్టల్ని గుప్పిళ్ళతో సంచుల్లోకి తోసేశాడు.

"ఏటి సేత్తావన్నయ్యా?" అన్నాను.

"పిట్టే లేకపోతే కేసే లేదు. మూతి కట్టు" అన్నాడు.

నేను కదల్లేదు.

"కోటిగాడు బయటికి రావాలా, వద్దా? నాను లోపలికెళ్తే ఆడికి దిక్కెవడు? కట్టు!"

కట్టాను. నా చేతులతోనే ముడి వేశాను. గొడౌను వెనక పెద్ద నీళ్ళ డ్రమ్ము ఉంది. సంచి అందులో వేసి పైన రాయి పెట్టాడు. అతను అందుకునేదాకా సంచి నా చేతుల్లో కదులుతూనే ఉంది. లోపల నుంచి వచ్చిన చప్పుడు నేను రాయలేను. కాసేపటికి ఆగిపోయింది. అతను రెండో సంచి నా వైపు తోశాడు. తాడు చాలదు, దుకాణంలో తెస్తానని చెప్పి బయటికి వచ్చాను. పట్టాల పక్కన నిలబడి మధులత మేడంకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో సరిగా గుర్తులేదు. గొడౌను ఎక్కడో మాత్రం చెప్పాను.

తాడు కొనుక్కుని తిరిగి వెళ్ళాను. ముడి వేస్తున్నట్టు, విప్పుతున్నట్టు చేస్తూ జీపు వచ్చేదాకా గడిపాను. అన్నయ్య తిడుతూనే ఉన్నాడు. వాళ్ళు లోపలికి వచ్చినప్పుడు, అతను ముందు వాళ్ళని చూడలేదు. నన్ను చూశాడు.

తరవాత మేడం ఒక మాట చెప్పింది. ఆ రోజు తనిఖీ అనుకోనే లేదట. ఎవరో ఊరికే పుట్టించిన మాట అది. అంటే నేను ఫోన్ చేయకపోతే ఎవరూ వచ్చేవారు కాదు. అతను బయటే ఉండేవాడు. మీ బెయిల్ వాయిదా ఆ తరవాతి వారమే ఉంది. లాయరు రాలేదు. మీ కాగితాలు అక్కడే ఆగిపోయాయి. బావకి ఒంట్లో బాగులేదేమో, అందుకే కనబడటం లేదేమోనని మీరు రాశారు. అతను జబ్బుపడలేదండీ. అతను కూడా లోపలే ఉన్నాడు. మిమ్మల్ని ఒకచోట, అతన్ని ఇంకోచోట పెట్టారు.

అత్తమ్మ ఆ రోజు నుంచి వేరే పొయ్యి పెట్టుకుంది. "నా మేనల్లుణ్ణి లోపలెట్టించావ్. నా కొడుకుని రాకుండా సేసావ్. నీ సేతి కూడు నాను తిన్ను" అంది. మోకాళ్ళ నొప్పితోనే కింద కూర్చుని వండుకుంటోంది. నేను బిందెతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెడితే మాత్రం తీసుకుంటుంది. మన వీధిలో చుట్టాలు కూడా పలకరించడం మానేశారు. ఇప్పుడు కాలనీలో రెండిళ్ళలో వంట చేస్తున్నాను. రోజులు గడుస్తున్నాయి, ఆ దిగులు పెట్టుకోకండి.

దొరికిన పిట్టల్లో రంగు వేసినవి చాలావరకు చచ్చిపోయాయి. మిగిలిన ఎర్రవాటిని కోర్టు ఆర్డరు వచ్చాక మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు పక్క గడ్డిలో వదిలారు. మేడం నన్నూ రమ్మంది. పంజరం తలుపు తీస్తే ఎగిరిపోతాయనుకున్నాను. చాలాసేపు బయటికే రాలేదు. ఒకటి గడప మీదికి వచ్చి కూర్చుని, మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆఖరికి ఒకేసారి లేచి గడ్డిలో పడ్డాయి. నాకు సంతోషం కలుగుతుందని మేడం అనుకుంది. నాకు ఆ డ్రమ్మే కనబడింది. ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ గోడ వైపు తిరిగి, "రేపు మరొకడు వలేత్తాడు" అంది. వేరే పొయ్యి పెట్టుకున్నాక నాతో అన్న మాట అదొక్కటే. అదీ నిజమే కావచ్చు.

ఇంకా ఒకటి మిగిలింది. సింహాద్రి అన్నయ్య కేసులో నన్ను సాక్షిగా వేశారు. బోనులో నిలబెట్టి, గొడౌనుకి పిట్టల్ని ఎవరు పట్టి తెచ్చేవారని అడుగుతారు. మేడంని అడిగాను, ఆ ఒక్క ప్రశ్నకి తెలియదని చెప్పొచ్చా అని. "నీ ఇష్టం రాణీ, కానీ అది అబద్ధమైతే మిగతావి కూడా నిలబడవు" అంది.

మీ పేరు చెబుతాను. మిమ్మల్ని అడగడానికి రాయడం లేదు. ఎవరో చెప్పగా మీకు తెలియకూడదని రాస్తున్నాను. ఫ్యాక్టరీ పని పోయిందని, గతిలేక ఆ పని చేశారని, నేను కూడా రంగు వేశానని, ఒక సంచి మూతి కట్టానని అన్నీ చెబుతాను. వాళ్ళు నన్నేం చేస్తారో నాకు తెలియదు. నాకేమైనా అయితే పాపని మా అక్క ధనలక్ష్మి చూసుకుంటానంది.

మీకు కోపం వస్తుంది. రావాలి కూడా. ఈ ఉత్తరం చించేసినా సరే. వచ్చే ములాఖత్‌కి పాపని తీసుకుని వస్తాను. ఈసారి ఓడ కాదని దానికి చెప్పే తీసుకొస్తాను. మీరు జాలీ దగ్గరికి రానని కబురు పంపితే, టైమయ్యేదాకా ఆ బెంచీ మీద కూర్చుని వెనక్కి వచ్చేస్తాం. ఆ పైసారి మళ్ళీ వస్తాం.

ఇట్లు,
మీరు ఏమనుకున్నా మీ భార్యే అయిన
రాణి