బాగుందనకుండా చెప్పేవాళ్ళు కావాలి

హైదరాబాదు,
అక్టోబరు 6

ప్రియమైన అత్తయ్యకి,

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "సరేలే, ఉంటా" అని పెట్టేస్తావు. నాన్నని అడిగితే "మా అక్కకి ఉత్తరమే రాయవే, అదే ఇష్టం దానికి" అన్నాడు. నువ్వు చెప్పినట్టే అక్షరాలు గుండ్రంగా, పెద్దగా రాస్తున్నాను. కాగితాలు దండగవుతున్నాయని తిట్టకు.

మా ఆఫీసులో ఒక కొత్త యాప్ తయారు చేశాం. పురుగుమందు సీసాని ఫోను కెమెరాకి చూపిస్తే అది ఏ మందో, ఏ పైరుకో, ఎంత కలపాలో తెలుగులో పైకి చదివి చెబుతుంది. దీన్ని ఎందుకు పట్టుకున్నానో నీకు ఇంతవరకూ చెప్పలేదు. నిరుడు సీసా మీద చీమకాళ్ళంత అక్షరాలు కనపడక నువ్వు మిరప తోటలో పురుగుమందనుకుని గడ్డిమందు కొట్టి పైరంతా మాడ్చుకున్నావు. నాన్న నీ చేను చూసొచ్చి ఆ పూట అన్నం ముట్టుకోలేదు. మా అత్తకి సీసా మీద ఉన్నది చదివి చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండి ఉంటే ఎంత బాగుండేదని అప్పుడే అనుకున్నాను.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, విడుదల చేసేముందు దీన్ని నిజంగా వాడేవాళ్ళ చేతికిచ్చి చూడాలి. మా పైఅధికారి శశిభూషణ్ గారు "ఇక్కడి కాలేజీ పిల్లలతో కానిచ్చేద్దాం" అన్నారు. మందు డబ్బా మూత కూడా తిప్పి ఎరగని పిల్లలు ఏం చెబుతారు? గొడవ పెట్టుకున్నాను. "సరే, నెలాఖరులోపు మీ ఊరివాళ్ళతో చేసి చూపించు. కుదరకపోతే తెలుగు పక్కన పెట్టి వేరే భాష చూసుకుందాం" అన్నారు.

అత్తయ్యా, చేలో మందు కలిపే ఆడవాళ్ళు కొందరు వాలంటీర్లుగా కావాలి. బలవంతం ఉండకూడదు, ఇష్టపడి రావాలి. మధ్యలో విసుగొస్తే లేచి వెళ్ళిపోవచ్చు. వాళ్ళ పేర్లు బయటపెట్టం. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. దాచేపల్లి చుట్టుపక్కల నీ మాట కాదనేవాళ్ళు ఎవరున్నారు చెప్పు!

నీ చేతి ముద్దలు తిని పెరిగిన
మాధురి


అక్టోబరు 11

నా తల్లి మాధురికి, అత్త దీవెనలు.

ఉత్తరం అందింది. అక్షరాలు బాగున్నాయి, ఇట్లాగే రాయి. ఫోన్లు వద్దు. ఫోనులో మాట్లాడితే మాట్లాడినట్టే ఉండదు నాకు.

వాలంటీర్లు అంటావేంటే? ఆ మధ్య ఇంటింటికీ పింఛన్లు తెచ్చిచ్చిన వాళ్ళనుకుని మా రత్తమ్మ "వాళ్ళు మళ్ళీ వస్తన్నారా అక్కా" అని ఒకటే సంబరం. కాదే, మన మాధురి ఫోను చూపిస్తుందట, చూసి ఎట్లా ఉందో చెప్పాలట అని కూర్చోబెట్టి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక నీ పని అయిపోయిందనుకో. రత్తమ్మ చేతికి కుంకుమ భరిణె ఇచ్చి ఇంటింటికీ పంపా. మీ మామయ్య పోయాక నేను వెళ్ళకూడదు కదా, పిలుపులన్నీ నా తోడికోడలే చూసుకుంటోంది. బొట్టు పెట్టి పిలిచాక రానని ఏ ఇల్లాలూ అనదు. అందరూ ఇష్టంగానే వస్తామన్నారు, ఇంక బలవంతం ఎక్కడిది?

వచ్చే ఆదివారం పొద్దున మన వసారాలో చాపలు పరిపిస్తా. అరటిపళ్ళు, నానబెట్టిన శనగలు నేను చూసుకుంటా. నువ్వు మాత్రం జాకెట్టు ముక్కలు పట్రా. పిలిచి ఉత్త చేతులతో పంపితే మన పరువేం కాను?

మీ శశిభూషణ్‌కి చెప్పు, నెలాఖరు దాకా అక్కర్లేదు, మా అత్త ఒక్క పూటలో తేల్చేస్తుందని. ఆ పిల్లాడికి మన సంగతి తెలిసినట్టు లేదు.

ఇట్లు
మీ అత్త వెంకటరావమ్మ


హైదరాబాదు,
అక్టోబరు 21

బంగారు అత్తయ్యకి,

నీ మీద కోపం లేదని ముందే చెబుతున్నాను. వసారా నిండా మనుషుల్ని చూసి గుమ్మంలోనే నా కళ్ళు చెమర్చాయి. అయితే జరిగింది విను.

అందరూ పట్టుచీరలు కట్టుకుని పూలు పెట్టుకుని వచ్చారు. మొదటి ఆవిడ చేతికి ఫోను ఇస్తే కళ్ళకద్దుకుంది. "ఎలా ఉంది పిన్నీ?" అన్నాను. "చాలా బాగుందమ్మా, వంక పెట్టేదేముంది!" అంది. "ఇంకా ఆన్ చెయ్యలేదు పిన్నీ" అన్నాను. "అయినా బాగుంది తల్లీ. నువ్వు చేసింది బాగుండక ఎక్కడికి పోద్ది!" అంది. ఆ తరవాత కూర్చున్నవాళ్ళంతా అదే పాట.

వసారాలో తీసిన వీడియోలు చూసి శశిభూషణ్ గారు "ఇది పరీక్షా, పేరంటమా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. మళ్ళీ లోపలికి వెళ్ళి నెలాఖరు ఇంకా రాలేదు కదా అని అడిగాను.

ఆలోచిస్తే తప్పు ఎక్కడుందో తెలిసింది. బొట్టు పెట్టి పిలిచి, ఒళ్ళో జాకెట్టు ముక్క పెట్టి, ఎలా ఉందని అడిగితే బాగోలేదని ఎవరంటారు? నేనైనా అనను. పైగా వచ్చినవాళ్ళలో మందు కలిపేవాళ్ళే లేరు. "మా ఇంట్లో అదంతా ఆయనే చూసుకుంటాడమ్మా" అన్నారు. మరి ఊళ్ళో మందు తామే కలుపుకునే ఆడవాళ్ళు ఎవరని ఆ రోజే రత్తమ్మత్తని అడిగాను. "మగదిక్కు లేనివాళ్ళు. జానీబీ, పడమటి బజారు జయకుమారి, మీ అత్త. వాళ్ళని బొట్టు పెట్టి ఎట్లా పిలుస్తానే పిల్లా?" అంది.

ఆ మాట వినగానే నీకోసం వెతికాను. నువ్వు వంటింట్లో ఉన్నావు. గుమ్మంలోంచి కాఫీ గ్లాసులు అందిస్తున్నావు, ఇటు రాలేదు. ఎవరికోసం ఈ పని మొదలుపెట్టానో ఆ మనిషి గోడకి అవతలే ఉండిపోయింది.

శశిభూషణ్ గారు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారి బొట్టు వద్దు, శనగలు వద్దు. నువ్వే వెళ్ళి పిలువు అత్తయ్యా. నువ్వూ రా.

నీ
మాధురి


అక్టోబరు 24

ఏమే పిల్లా, మాధురీ!

నీ ఉత్తరం చదివితే ఒళ్ళు మండింది. నీ మీద కాదులే. ఎవరి మీదో నాకే తెలియలేదు. పత్తి చేలోకి పోయి పొద్దుగూకేదాకా కలుపు పీకా.

మెట్ల మీద కూర్చుని ఏడ్చావా? ఏడిస్తే ఏడ్చావు, లేచి మళ్ళీ అడిగావు చూడు, అప్పుడు మా ఇంటి పిల్లవి అనిపించుకున్నావు. ఇంక ఈ పని ఎట్లా కాదో నేనూ చూస్తా.

నిన్న జానీబీ తోటకి వెళ్ళా. నన్ను చూడగానే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఏం అక్కా, పేరంటానికి గుర్తుకు రాలేదు గానీ ఇప్పుడు గుర్తొచ్చానా?" అంది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నన్ను మాత్రం ఎవరు పిలిచారే, నేను కాఫీలు కాచా" అన్నా. అంతే, ఇద్దరం గట్టు మీద కూలబడి పకపకా నవ్వుకున్నాం.

ఉన్నది ఉన్నట్టు చెప్పమంటే మన జనానికి నోరు రాదే. ఎదుటి మనిషి చిన్నబుచ్చుకుంటుందని భయం. దానికి నేనొక దారి కనిపెట్టా. గుంటూరు మిర్చి యార్డుకి మన కాయ తీసుకెళ్తే కొనేవాళ్ళు ఏం చేస్తారు? మిరప బస్తా మూతి విప్పీ విప్పగానే తేమ ఉంది, తాలు ఉంది, రంగు దిగింది అని వంకలు మొదలు. మనం నోరు మూసుకుని నిలబడతాం. అందుకని జానీబీకీ జయకుమారికీ చెప్పా. "మా మేనకోడలు సరుకు తెస్తుంది. ఈసారి కొనేది మనం. యార్డులో మనకి పెట్టిన వంకలన్నీ దానికి పెట్టండి. బాగుంది అన్నదాన్ని గట్టు దింపేస్తా" అన్నా. వాళ్ళ మొహాలు వెలిగిపోయాయే, నువ్వు చూడాలి! వాళ్ళే ఇంకొందర్ని కూడగట్టారు. ఇద్దరు మాత్రం మాకొద్దన్నారు. సరే అని వచ్చేశా, బతిమాలలేదు. ఇష్టపడి రావాలన్నావుగా.

మంగళవారం పొద్దున్నే, మందు కొట్టే వేళకి చేలోకే వచ్చెయ్. పాత బట్టలు వేసుకో. జాకెట్టు ముక్కలు తెచ్చావో, గట్టు మీదే తగలేస్తా.

మీ అత్త
వెంకటరావమ్మ


హైదరాబాదు,
నవంబరు 1

నా అత్తయ్యకి, వంద ముద్దులు,

ఇన్ని తిట్లు తిని ఇంత సంతోషంగా నేనెప్పుడూ బస్సెక్కలేదు.

జానీబీ పిన్ని అన్నది చెవుల్లో మోగుతూనే ఉంది. "ఏందమ్మా ఇది, ఎండలో నా మొహమే కనపడతంది! అద్దం కొనడానికి వచ్చామా మేము?" అంది. జయకుమారి గారైతే "ద్రావణం ఏంది ద్రావణం? మిల్లీలీటర్లు మా ఇంట్లో ఎక్కడున్నాయి? ఎన్ని మూతలు పొయ్యాలో చెప్పమను" అని నన్ను నిలదీసింది. "చేతికి మందు అంటుకుంటే ఫోను ఎవరు నొక్కుతారు, మీ సారొచ్చి నొక్కుతాడా?" అని ఇంకొకావిడ. ఒకావిడ సగంలో ఫోను నా చేతిలో పెట్టేసి "నీ సరుకు మాకొద్దు" అని తోటలోకి వెళ్ళిపోయింది. అది కూడా రాసుకున్నాను.

ఈసారి వీడియో చూస్తుంటే శశిభూషణ్ గారు నవ్వలేదు. అయిపోయాక "తెలుగు ఆపడం లేదు. వీళ్ళు చెప్పినవన్నీ సరిచెయ్యండి" అన్నారు. మూతల లెక్క సీసాసీసాకీ మారుతుంది కాబట్టి అది జాగ్రత్తగా తేలుస్తున్నాం. ఎండలోనూ కనపడేలా తెర మార్చాం. గెలిచాం అత్తయ్యా!

ఒక్కటే నన్ను తొలిచేస్తోంది. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు సీసాని తిరగేసి పట్టుకున్నావు. "ఇది ఏ మందో తెలియలేదు, మళ్ళీ చూపించండి" అని ఫోను చెప్పింది. నువ్వు తలూపి "బాగా చెప్పిందే!" అన్నావు. ఆ రోజు నేనూ గమనించలేదు, వీడియోలో చూశాను. ఊరందరి చేతా వంకలు పెట్టించినదానివి, నువ్వొక్కదానివి ఎందుకు పెట్టలేదు? నా మీద ప్రేమతోనా? అయితే ఆ ప్రేమ నాకొద్దు. నాకు నీ తిట్టు కావాలి.

పన్నెండో తారీఖున అంతా ఖాయం చేసేస్తారు. ఆలోపు నీ మాట నాకు అందాలి. చెప్పడం ఇష్టం లేకపోతే అదైనా రాయి, నీ వీడియో తీసేస్తాను.

నీ
మాధురి


నవంబరు 5

నా తల్లి మాధురికి,

వంక అడిగావుగా, రాసుకో. మీ సరుకు నాకు వినపడలేదు. ఒక్క ముక్క కూడా.

రెండేళ్ళ నుంచీ ఇంతే. ఎడమ చెవి ముందు పోయింది, కుడిది దాని వెనకే పోతోంది. ఫోనులో నీ గొంతు పిల్లగాలి ఊదినట్టుంటుంది. అందుకే ఉత్తరాలు రాయమన్నా. మనిషి ఎదురుగా ఉంటే పెదాలు చూసి నెట్టుకొస్తా. తెలియకపోతే తలూపి నవ్వుతా. తలూపే మనిషిని ఎవరూ రెండోసారి చూడరే. ఆ రోజు వంటింట్లో ఎందుకు ఉండిపోయాననుకున్నావు? బొట్టు సంగతి సగం. వసారాలో అంతమంది ఒక్కసారి మాట్లాడుతుంటే నాకేం తెలుస్తుంది, అది మిగతా సగం.

నిరుడు తోట మాడింది అక్షరాలు కనపడకేనని నువ్వూ మీ నాన్నా అనుకున్నారు. నేను ఊరుకున్నా. హయాత్ పురుగుమందుల కొట్లో రెండు సీసాలు తీసుకున్నా, ఒకటి తోటకి, ఒకటి గట్టు మీద గడ్డికి. ఏది దేనికో అతను చెప్పాడు, పాపం. బస్తాలు సర్దుకుంటూ అటు తిరిగి చెప్పాడు. నేను తలూపి వచ్చేశా. మళ్ళీ అడగడానికి నామోషీ. మగదిక్కు లేనిది అంటే పడ్డా, చెవిటిది అని కూడా అనిపించుకోలేకపోయా.

నువ్వు నాకోసం చేసిన ఆ ఫోను ఉంది చూడు, అదీ నాతో మాట్లాడేదే అయింది. గట్టు మీద దాన్ని చెవికి ఆనించుకున్నా. ఏమీ లేదు. జానీబీ వాళ్ళు నా వంక చూస్తున్నారు, నువ్వు ఆశగా చూస్తున్నావు. బాగుందన్నా. పట్టుచీర కట్టని పేరంటాలినయిపోయా నేను కూడా.

ఈ మాట నాతోనే పోవాలనుకున్నా. ఆ ప్రేమ నాకొద్దు అని రాశావు చూడు, అది చురుక్కుమంది. నాలాగా కొట్టు ముందు తలూపి వచ్చేసే వాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళ తోటలు కూడా మాడాలా?

పొద్దున్నే రత్తమ్మని కూర్చోబెట్టి "నాకు వినపడదే" అని చెప్పేశా. అది నా ఎదురుగా వచ్చి, మొహంలో మొహం పెట్టి "తెలుసక్కా. అందుకేగా ఎప్పుడూ నీ ముందుకొచ్చి నిలబడి మాట్లాడేది" అంది. దొంగముండ, ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకుంది! ఇద్దరం కాసేపు ఏడ్చాం. వచ్చే బుధవారం నన్ను గుంటూరు చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానంది, వెళ్తా.

ఇక అసలు సంగతి. ఆ యాప్ పైకి చదివితే చదవనీ, తెర మీద రాసి కూడా చూపించమను. గుండ్రంగా, పెద్దగా, నువ్వు నాకు ఉత్తరం రాసినట్టు. గడ్డిమందు అయితే తెరంతా ఎర్రగా కావాలి. అది చెయ్యకుండా ఖాయం చేశారంటే నేనే బస్సెక్కి మీ ఆఫీసుకొస్తా, మీ శశిభూషణ్ నా ఎదురుగా నిలబడి మాట్లాడాల్సి ఉంటుంది.

చేశాక మళ్ళీ పట్రా. ముందు నా చేతికే ఇవ్వు. నన్నెవరూ బలవంతం చెయ్యలేదు, ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు, నా అంతట నేనే వస్తున్నా. పేర్లు బయటపెట్టం అన్నావుగా, నా పేరు దాచొద్దు.

ఇట్లు,
మీ వాలంటీరు
గుంటుపల్లి వెంకటరావమ్మ