లావు అక్షరం ఎవరికి?

రామచంద్రపురం,
జూలై 6

ప్రియమైన తమ్ముడు గణేష్‌బాబుకి,

అమ్మ సంవత్సరీకం కార్డు అందింది. చదివాక అన్నం సహించలేదు. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదంటూ పెట్టేస్తావు, అందుకే కాగితం మీద అడుగుతున్నాను. నాన్న రోజుల నుంచీ మన ప్రెస్సుకి పేరు తెచ్చింది ఆ లావు అక్షరమే కదా. కొనలు తీర్చినట్టుండి, నిండుగా, వీధి అవతల నుంచి కూడా చదవొచ్చు. పాలకొల్లులో పెళ్లికొడుకు పేరైనా, రైస్ మిల్లు పేరైనా అందులోనే వేయించుకునేవారు. అలాంటి అక్షరం ఎవరికి వేయాలో, ఎవరికి వేయకూడదో నీకు తెలియదా? సిగ్గుగా లేదూ? కార్డు మార్చకపోతే నేను రాను.

కోపంతో ఉన్న మీ అక్క,
సూర్యకళ

పాలకొల్లు,
జూలై 10

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చూసి మీ మరదలు భవ్య హడలిపోయింది. నిన్ను చిన్నచూపు చూశాననుకోకు. కొడుకు పేరు లావుగా, కూతురి పేరు సన్నగా వేయడం మన దగ్గర మామూలే కదా. పైగా లావు అక్షరం చోటు తినేస్తుంది. నీ పేరు అలా వేస్తే బావగారిదీ వేయాలి, అప్పుడు లైను విరుగుతుంది. అయినా నీ మాట కాదనను. పంచగా మిగిలిన కార్డులన్నీ పక్కన పడేసి, నీ పేరు నా పేరు కంటే పైన లావుగా వేస్తాను. ఇంక శాంతించు.

నీ తమ్ముడు,
గణేష్‌బాబు

రామచంద్రపురం,
జూలై 14

ప్రియమైన మొద్దు తమ్ముడికి,

నా పేరు ఎవరడిగారు? చీమతలకాయంత వేసుకో, అసలు తీసేసినా ఫర్వాలేదు. ఆ కార్డు గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వెళ్లి చదువు. ఏం కనబడుతోంది? పైన సత్తియ్య గారు, కింద గణేష్‌బాబు. చూసినవాళ్లు నాన్న సంవత్సరీకం అనుకుంటారు. నాన్న పోయి పద్దెనిమిదేళ్లయింది. నిరుడు పోయింది అమ్మ. ఆవిడ పేరు ‘వారి ధర్మపత్ని’ పక్కన ఎక్కడో భూతద్దం పెట్టి వెతుక్కోవాలి.

నాన్న ముందు గదిలో బేరాలు మాట్లాడుతుంటే, లోపల కూర్చుని ఆ సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ ఏరి పేర్చింది ఎవర్రా? అమ్మ కాదూ? ఊరందరి పేర్లూ లావుగా పేర్చిన మనిషికి తన కార్డు మీద ఆ అక్షరం దక్కలేదు. నాకు ఒళ్లు మండిపోతోంది.

మీ అక్క,
సూర్యకళ

పాలకొల్లు,
జూలై 21

ప్రియమైన అక్కకి,

గోడకి ఆనించి చూశాను. నువ్వన్నది నిజం. అప్పట్లో నాన్న సంవత్సరీకానికి వేసిన కార్డు ముందు పెట్టుకుని, మధ్యలో అమ్మ పేరు ఇరికించాను. తప్పు నాదే.

కొత్త కార్డులో లావు అక్షరం అమ్మ ఒక్కదానికే వేశాను. కంప్యూటర్ మీద ‘రత్తమ్మ గారు’ అని రాగానే ఎవరో కస్టమర్ పేరులా అనిపించింది. ఇన్నేళ్ల ప్రెస్సులో ఆవిడ పేరు అలా చూడటం అదే మొదటిసారి. చిట్టియ్య బాబాయి వచ్చి, “మా అన్నయ్య పేరు చిక్కిపోయిందేంటిరా?” అని గొడవపడ్డాడు. “ఇది అమ్మ కార్డు బాబాయ్” అన్నాను.

పాత కార్డులు పంచిన ముప్పై రెండు ఇళ్లకీ మళ్లీ వెళ్లాను. పంతొమ్మిది ఇళ్లలో, “రత్తమ్మ గారంటే ఎవరండీ?” అని అడిగారు. వాళ్ల పెళ్లి కార్డులు అమ్మ చేతి మీదుగా వెళ్లినవే. ఒళ్లు మండింది గానీ, ఎవరిని అనగలను? ఆ పేరు వాళ్లకి తెలియకుండా ఉంచింది మనింట్లోవాళ్లమే. ప్రతి గుమ్మంలోనూ “మా అమ్మండి” అని చెప్పి వచ్చాను.

నువ్వు వస్తావుగా.

రత్తమ్మ గారి అబ్బాయి,
గణేష్‌బాబు