ప్రేమానందం అండ్ కంపెనీ

అంబాలా,
12 జనవరి 1948

ప్రభువునందు ప్రియమైన ప్రేమానందం మామగారికి, మీకు కాబోయే అల్లుడు జయరావు వందనాలతో రాసేది.

నేనిక్కడ క్షేమం. చలి ఎంతగా ఉందంటే చేతిలో పానా ఉందో జారిపోయిందో చూసుకుంటే గానీ తెలియడం లేదు. జ్ఞానాంబ అత్తయ్య పంపిన నిమ్మకాయ ఊరగాయను మా బ్యారక్‌లోని పంజాబీలు ఒక్క రోజులో ఊడ్చేశారు. నాకు జాడీ మిగిలింది.

ఇక అసలు సంగతి. మార్చితో విమానదళంలో నా గడువు తీరుతుందనీ, చిత్తూరు వచ్చేస్తాననీ కిందటి ఈస్టరుకు మీతో అన్నాను. ఇప్పుడిక్కడ కథ మారింది. యుద్ధం ముగిశాక పని తెలిసినవాళ్లందరూ ప్రైవేటు కంపెనీలకు పోతున్నారు. మిగిలినవాళ్లను ఎలాగైనా నిలుపుకోవాలని పైవాళ్లు పట్టుబట్టారు. నాకు రీ-ఎంగేజ్‌మెంట్ చేస్తామంటున్నారు. ఆరేళ్లకు. ఒప్పుకుంటే బౌంటీ కూడా ముట్టజెబుతారట. నా మనసు కూడా అటే లాగుతోంది. మీ ఆశీర్వాదం కావాలి.

ఇట్లు,
మీ విధేయుడు
జయరావు

తా.క.: ఇన్నాళ్లూ నాతో ఉన్న పాతదాన్ని ఇక వదిలేస్తాను. ఇంగ్లండు నుంచి కొత్తది దిగింది. దాన్ని చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. ఈ మాట సంతోషమ్మకు కూడా చెప్పండి, చాలా సంతోషిస్తుంది.

*

చిత్తూరు,
20 జనవరి 1948

శ్రీ జయరావు గారికి, మిషన్ స్కూలు హెడ్మాస్టరు ప్రేమానందం ఎవరిచేతా రాయించక స్వహస్తాలతో రాయునది.

మీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

నేను ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నవాణ్ణి. ఎంగేజ్‌మెంట్ అంటే ప్రధానం. రీ అంటే మళ్లీ. పాస్టరుగారి ఎదుట మా సంతోషమ్మ వేలికి ఉంగరం తొడిగిన మనిషి మళ్లీ ఎవతెకో తొడుగుతాడా? పైగా నా ఆశీర్వాదమా? బౌంటీ అనే మాట నిఘంటువులో చూశాను. ఉదారంగా ఇచ్చే సొమ్ము అని ఉంది. మా చిత్తూరులో దాన్ని కట్నం అంటారు. నాకు కట్నం వద్దని మా వరండాలో కాఫీ తాగుతూ చెప్పింది మీరేనా? ఇక ఆరేళ్లకు పెళ్లేమిటండీ, చేను కౌలుకు తీసుకున్నట్టు!

మీ అత్తయ్య వంటింట్లోంచి ఒకటే మాట. "ఇంగ్లండుదంట గదా, రాగి సంగటి యాడ తింటాది? సూస్తాంలే, ఎన్నాళ్లు కాపురం సేస్తాదో!"

కోపం పక్కన పెట్టి చెబుతున్నాను. ఇక్కడ బస్సు కంపెనీ సుందరరాజు గారు వర్క్‌షాపుకు మంచి మేస్త్రీ కోసం చూస్తున్నారు. ఆ ఇంగ్లండుదాన్ని వదిలి మార్చిలో బండి దిగితే ఆ ఉద్యోగమూ మీదే, మా అమ్మాయీ మీదే. లేదంటే ఉంగరం రిజిస్టరు పోస్టులో వస్తుంది.

ఇట్లు,
ఎం. ప్రేమానందం

తా.క.: ఊరగాయ జాడీ తిప్పి పంపండి. అది మా అమ్మగారి జాడీ. కొత్తావిడ చేతిలో పడకూడదు.

*

అంబాలా,
29 జనవరి 1948

పూజ్యులైన మామగారికి, జయరావు వంగి వంగి వందనాలు చేసి రాసేది.

మామా, అది ఆడది కాదు, విమానం!

పాతది స్పిట్‌ఫైర్, కొత్తది టెంపెస్ట్. రెండింటికీ రెక్కలుంటాయి. సంగటి తినవు, పెట్రోలు తాగుతాయి. రీ-ఎంగేజ్‌మెంట్ అంటే ఉద్యోగానికి మళ్లీ సంతకం పెట్టడం. బౌంటీ అంటే, వదిలిపోకుండా ఉన్నందుకు సర్కారు ఇచ్చే బహుమానం. నాకు సంతోషమ్మ తప్ప మరో పిల్ల లేదు, ఉండదు.

సుందరరాజు గారి బస్సులంటే నాకు చిన్నచూపు లేదు. కానీ నేను బిగించిన ఇంజన్ మబ్బుల్లోకి వెళ్లి, దాన్ని నడిపిన కుర్రవాడు ప్రాణాలతో దిగి నా భుజం తట్టిపోతాడు చూడండి, ఆ ఆనందం నేను వదులుకోలేను. సంతోషమ్మనూ వదులుకోలేను. రెండూ కావాలి. ఎవరేమన్నా రెండూ సాధిస్తాను.

ఫిబ్రవరి ఆఖరులోగా సంతకం పెట్టాలి. పెట్టగానే నాకు కన్వర్షన్ చేస్తారు. అది అయినవాళ్లకు జీతం పెరుగుతుంది. నా పక్క మంచం ఆర్కాటు తంబికి పోయిన నెలే కన్వర్షన్ అయిపోయింది. హాయిగా ఉన్నాడు.

ఇట్లు,
ఏ పాపమూ ఎరుగని
జయరావు

తా.క.: ఇన్నాళ్లూ నేర్చుకున్నదంతా మరిచిపొమ్మని కన్వర్షన్ మొదటి రోజే చెబుతారట. కొన్నాళ్లు మనసుకు కష్టంగా ఉంటుంది గానీ, తర్వాత పాతది గుర్తు కూడా రాదని తంబి అంటున్నాడు. జాడీ పార్సిల్‌లో పంపాను.

*

చిత్తూరు,
8 ఫిబ్రవరి 1948

జయరావుకు ప్రేమానందం రాయునది.

ఆడది కాదు, విమానం అన్నావు. నమ్మాను. ప్రభువుకు స్తోత్రం చెప్పుకున్నాం. మీ అత్తయ్య పాయసం పొయ్యి మీద పెట్టింది. అప్పుడు రెండో పేజీ తిప్పాను.

కన్వర్షన్! ఒరే అబ్బాయీ, మతం మారితే జీతం పెంచుతారా? మా తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు ఊళ్లో ఆయనకు గుక్కెడు నీళ్లు పోసినవాడు లేడు. అయినా ఆయన కదల్లేదు. నువ్వు నెల జీతానికి కదులుతావా? నేర్చుకున్న వాక్యాలన్నీ మొదటి రోజే మరిచిపోతావా? ఇంతకీ ఏ మతమో కూడా రాయలేదు. మీ అత్తయ్య పాయసం దించేసి, "ఏ మతమన్నా గానీ, పిల్లోడు మాంసం తింటాడో ల్యాదో కనుక్కోండి. పెళ్లికి పొట్టేలు చెప్పల్లా వద్దా?" అని అడుగుతోంది. ఆమె బాధ ఆమెది.

ఇక నీతో మాటలు అనవసరం. మీ పెద్ద ఆఫీసరుకే ఇంగ్లీషులో ఉత్తరం పంపాను. నా కుమార్తెతో ప్రధానం ముందే జరిగిపోయింది కాబట్టి మీ రీ-ఎంగేజ్‌మెంట్ చెల్లదు, కన్వర్షన్ ఆపండి, మనిషిని మాకు అప్పగించండి అని నేను చెబుతూ ఉంటే, సంతోషమ్మ తను పనిచేసే మిషన్ ఆసుపత్రి ఆఫీసులో టైపు కొట్టింది. మూడు వారాలుగా మాటా పలుకూ లేకుండా ఉన్న పిల్ల ఈ పని మాత్రం ఎంత హుషారుగా చేసిందో!

ఇట్లు,
విశ్వాసంలో స్థిరంగా ఉన్న
ప్రేమానందం

తా.క.: నా కళ్లద్దాల మీద నేనే కూర్చున్నాను. అందుచేత ఆ ఉత్తరం చదవకుండానే సంతకం పెట్టాను. కన్నకూతురే కదా.

*

అంబాలా,
19 ఫిబ్రవరి 1948

మామగారికి, ఇప్పటికీ క్రైస్తవుడైన జయరావు వందనాలతో రాసేది.

కన్వర్షన్ అంటే ఒక రకం విమానం పని నుంచి మరో రకం విమానం పనికి మారడం. దానికొక చదువు ఉంటుంది, అంతే. ఆదివారం గుడికి పోతున్నాను. మాంసం తింటున్నాను. పొట్టేలు చెప్పమనండి.

మొన్న ఆఫీసరు దొర పిలిపించాడు. బల్ల మీద మీ ఉత్తరం. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మొహం ఎర్రగా చేసుకుని, "ఎవరయ్యా ఈ ప్రేమానందం అండ్ కంపెనీ? ఎన్ని విమానాలున్నాయి వాళ్లకు?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. "మంచి ఫిట్టర్లను ఒక్కొక్కరినే ఎగరేసుకుపోతున్నారు. నిన్ను మాత్రం పోనివ్వను. చెప్పు, వాళ్లేమిస్తామన్నారు?" అన్నాడు. నాకు అప్పుడూ మాట రాలేదు. దాన్ని బేరం అనుకున్నాడు మామా! నేను అలా నిలబడ్డంతసేపూ ఆయన పెంచుతూనే పోయాడు. భుజం మీద మూడో గీత వేసి సార్జెంటును చేస్తానన్నాడు. పెళ్లయితే కాపురానికి ఇల్లు ఇస్తానన్నాడు. కన్వర్షన్ అయ్యాక బెంగుళూరులో కొత్తవాళ్లకు పని నేర్పడానికి వేస్తానన్నాడు. బెంగుళూరు మామా! పలమనేరు మీదుగా బస్సెక్కితే ఒక్క పూటలో మీ వరండాలో ఉంటాను.

సంతకం ఇంకా పెట్టలేదు. మీ ఇంట్లో ఇచ్చిన మాట ముందుది. మీరు సరేనంటే తప్ప కలం ముట్టను. కానీ ఈ పని మానుకుని సుఖంగా ఉండగలనని మీతో అబద్ధం చెప్పలేను. గడువు దగ్గర పడింది. ఒక్క తంతి చాలు.

ఇట్లు,
మీ సమాధానం కోసం గేటు దగ్గరే కాచుకున్న
జయరావు

తా.క.: మీకు పుణ్యముంటుంది, దొరకు మళ్లీ రాయకండి. ఇంతకీ ఈ కంపెనీ ఎప్పుడు పెట్టారు?

*

చిత్తూరు,
26 ఫిబ్రవరి 1948

చిరంజీవి జయరావుకు, మామ ప్రేమానందం దీవించి రాయునది.

తంతి ఈ పాటికి అందే ఉంటుంది. "సంతకం పెట్టు" అని రెండు మాటలే ఇచ్చాను. మిగతావి ఇందులో.

ఎంగేజ్‌మెంట్‌కు నువ్వు చెప్పిన అర్థం నిఘంటువులో ఉంది. నాలుగోది. నేను మొదటి అర్థం దగ్గర ఆగాను. ఇది నా శిష్యులెవరికీ చెప్పవద్దు.

కొత్త కళ్లద్దాలు వచ్చాయి. ఆసుపత్రి ఆఫీసులో ఉన్న ఆ ఉత్తరం నకలు తెప్పించి చదివాను. పైన పెద్ద అక్షరాలతో ప్రేమానందం అండ్ కంపెనీ అని ఉంది. నేను "నా కుమార్తెతో ప్రధానం" అన్న చోటల్లా "మా సంస్థతో ఒప్పందం" అని ఉంది. నేను చెప్పని వాక్యం ఒకటి కింద ఉంది. మీరిచ్చే దానికన్నా ఎక్కువ జీతమూ, ఇల్లూ, బెంగుళూరు దగ్గర్లో పనీ ఇవ్వడానికి మేము సిద్ధం అని!

"ఏందే ఇది?" అని గద్దించాను. పిల్ల తల కూడా వంచలేదు. "నాయనా, మొదటి ఉత్తరంతోనే నాకు అర్థమైపోయినాది. ఆయన ఆ పని మానుకుంటే నాకిష్టం ల్యా. ఆరేండ్లు అంత దూరాన ఉండేదీ ఇష్టం ల్యా. పోతాడని బయమేస్తే గానీ ఆ దొర చెయ్యి విదిలించడు. ఎవురో ఒకరు బయపెట్టల్ల గదా!" అనింది. "మరి నాకెందుకు చెప్పలేదే?" అంటే, "కోపంలో ఉన్నప్పుడే నాయనా నీ ఇంగ్లీషు బాగుండేది" అనింది.

నాకు సిగ్గూ వేసింది, గర్వమూ కలిగింది. గర్వమే ఎక్కువ. మే నెలలో పెళ్లి పెట్టుకుందాం. సెలవు ఇప్పుడే అడుగు. పొట్టేలు చెప్పేశాం.

ఇట్లు,
ఆశీస్సులతో
మీ మామ

తా.క.: కవరు అంటించమని నాయన నాకు ఇచ్చారు, అందుకే ఈ నాలుగు ముక్కలు. ఆరేళ్లయ్యాక వాళ్లు మళ్లీ సంతకం అడిగితే తొందరపడకండి, ముందు నాకు చెప్పండి. కంపెనీ ఇంకో ఉత్తరం టైపు కొడుతుంది. మన ఎంగేజ్‌మెంట్ సంగతి వేరు. దానికి గడువు లేదు, బౌంటీ లేదు. రీ అసలే లేదు. — సంతోషమ్మ