ప్లగ్గు సందు

జూన్ పద్నాలుగు, ఆదివారం

మా ఇంటి తుపానుకు,

వదిన దీవెనలు. ఇక్కడ అందరం కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావనుకుంటాను. ఫోనెత్తవు గనక ఉత్తరమే గతి అయింది.

కారు సంగతి రాస్తున్నాను. పందెంలో ఎత్తెక్కేచోట ఇంజను దగ్గి దగ్గి ఆగినంత పని చేసింది చూడు, అది నీ కాలి తప్పు కాదు. టర్బో బిగించినా, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గుల కొన దగ్గరి సందు కంపెనీ లెక్కలోనే, 1.1 మిల్లీమీటర్ల దగ్గరే ఉండిపోయింది. టర్బో ఇంజనులోకి గాలిని కుక్కి పంపుతుంటే, ఆ ఒత్తిడికి నిప్పురవ్వ అంత సందు దాటలేక ఆరిపోతోంది. మెల్లగా వెళ్తే ఏమీ తెలియదు. పూర్తిగా తొక్కితేనే దగ్గు.

నిన్న ముందు పాత సందుతోనే అదే కొండదారి ఎక్కి చూశాం. నేను పక్క సీట్లో ఉన్నాను. అదే మలుపు, అదే దగ్గు. వెనక లారీ ఒకటి హారను కొడుతోంది. నడిపేవాళ్ళకి చెమటలు పట్టేశాయి.

షెడ్డుకొచ్చి సందు 0.6కి నొక్కాను. దగ్గు పోయింది గానీ, నిలబెట్టినప్పుడు ఇంజను ఒకటే వణుకు. రవ్వ మరీ చిన్నదైపోయింది. దగ్గు తగ్గి చలిజ్వరం పట్టుకుందని మీ అన్నయ్య వేళాకోళం. చివరికి 0.75 దగ్గర కుదిరింది. మళ్ళీ ఎక్కాం. మూడో గేరులో కాలు తియ్యకుండా తొక్కమన్నాను. భయంగా ఉందంటూనే తొక్కారు. పైదాకా ఒక్క దగ్గు లేదు.

ఆ రోజు అందరి ముందూ అత్తయ్యగారు నీకు నడపడం చేతకాదన్నారు, కారు అమ్మేస్తానన్నారు. ఆ మాట తప్పేనని నేను అప్పుడే అన్నాను. అయినా ఒకసారి వచ్చి నడిపి చూడు.

నీ మంచి కోరే
వదిన

తా.క. కారు నడిపింది మీ అన్నయ్య అనుకుంటున్నావేమో. అత్తయ్యగారు. స్కూలు వ్యాను తప్ప ఇంకేదీ నడపని మనిషి, తనే చూడాలని పట్టుబట్టారు. పాత సందుతో మలుపులో ఇంజను దగ్గగానే, "అమ్మో, పిల్ల ఎంత హడలిపోయిందో" అని కళ్ళు తుడుచుకున్నారు. ఇంటికి రాగానే కారు కొంటానన్న ఆయనకి ఫోన్ చేసి రావద్దనేశారు. ఇదంతా నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు కూడా వేయించుకున్నారు.