రెండో కుర్చీలో చిన్నమామ

ఇంటావిడకు,

నీ ఇంటాయన రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నువ్వు వెళ్ళిన రోజు నుంచీ కారుతూనే ఉన్న వంటింటి కుళాయీ. అక్కడ నువ్వూ మీ అమ్మగారూ క్షేమమని తలుస్తాను. అత్తయ్యగారు కర్ర పట్టుకుని వరండా చివరిదాకా నడిచారని రాశావు, చాలా సంతోషం. ఆవిడ మీద నాకేం కోపం లేదు. కోపం ఎవరి మీదో కాసేపట్లో తెలుస్తుంది గానీ, పొయ్యి మీద ఏమైనా ఉంటే ముందు దించేసి వచ్చి కూర్చో.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని నిన్న మెసేజి పెట్టావు. ఎనిమిదిసార్లు మోగింది. ఎనిమిదిసార్లూ పక్కనే కూర్చుని విన్నాను. నీ గొంతు వింటే నా కోపం నిలబడదు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను కదా, నువ్వు 'ఏమండీ' అనేసరికే సగం దిగిపోతుంది. ఈసారి దాన్ని అంత తేలిగ్గా దిగనివ్వదలచుకోలేదు. అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటని నవ్వకు. ఇంట్లో కంప్యూటర్ మీద నాకు ఆనే సైజులో కొట్టి, అదే సైజులో ప్రింటు తీశాను.

నీ ఉత్తరంలో కంటి డాక్టర్ దగ్గరికి మళ్ళీ వెళ్ళారా అని అడిగావు. వెళ్ళాను. పాత పాటే. చూపు నడిమధ్యన మసక ఇంకా పెరుగుతుందట, పోయిన రంగులు తిరిగి రావట, పక్కల చూపు మాత్రం మిగులుతుందట. బుద్ధిగా తల ఊపి వచ్చేశాను. ప్రెస్సులో అంతా బాగుందా అని కూడా అడిగావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండిపోయింది. నీ ఉత్తరం నాకు బుధవారం అందింది. మంగళవారమే నీ తమ్ముడు నా కొంప ముంచాడు.

వరసగా చెబుతాను. పోయిన నెల నువ్వేం రాశావో గుర్తుందా? ఆ కాగితం నా దగ్గరే ఉంది. 'అమ్మ కంప్యూటర్లో అక్షరాలు ఆవిడకి ఆనడం లేదు. కింద మూలన గడియారం దగ్గర నొక్కితే చిన్న పలక ఒకటి లేస్తుందే, అందులో బటన్లు మీరెలా సర్దుకున్నారు? మీ వరస ఏమిటి? ఫోన్లో చెబితే నాకు గుర్తుండదు, రాయండి' అన్నావు. నేను పొంగిపోయాను. కంప్యూటర్ అంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషి అడిగిందే అని నాలుగు పేజీలు రాశాను. మూలన సౌండు బొమ్మ మీద నొక్కు, పలక లేస్తుంది. దాని అడుగున పెన్సిల్ బొమ్మ ఉంటుంది. అది నొక్కితే బటన్లన్నీ వదులవుతాయి. అక్కర్లేనివి పీకి పారెయ్, కావలసినవి పక్కనున్న జాబితాలోంచి తెచ్చుకో, మౌసుతో పట్టుకుని నీకు నచ్చినచోట కూర్చోబెట్టు. చివర్లో 'అయిపోయింది' అన్నది నొక్కడం మరవకు, లేకపోతే అందరూ లేచి పాత చోట్లకే పోతారు. ఇంత విడమరిచి పెళ్ళయిన కొత్తలో నీకు ప్రేమలేఖ కూడా రాయలేదు.

అంతటితో ఆగానా? ప్రెస్సు కంప్యూటర్లో నా వరస కూడా రాశాను. మొదటి కుర్చీలో పెద్దత్త, అంటే తెర మీది అక్షరాల్ని పెద్దవి చేసే భూతద్దం. చీమంత సంగతిని ఏనుగంత చేసేది కదా మా పెద్దత్త. రెండో కుర్చీలో చిన్నమామ, అంటే తెరకి పసుపు వెలుతురు వేసే బటన్. మా చిన్నమామ ఎదురుగా కూర్చుంటే చాలు, చూసేవాళ్ళకి ఆవులింతలు వస్తాయి. మూడో కుర్చీలో నీ తమ్ముడు, సౌండు. నాలుగో కుర్చీలో నేను, కబుర్లూ గంటలూ మోగకుండా నోరు మూయించే బటన్. పలకని చూడక్కర్లేదు, కీబోర్డు మీద లెక్కపెట్టుకుంటూ వెళ్తే ఎవరి కుర్చీ ఎక్కడో వేళ్ళకే తెలుస్తుందని రాశాను. ఆ వేళ్ళ సంగతి లోకంలో నీకు ఒక్కదానికే తెలుసు.

రెండేళ్ళుగా నేను రంగుల్ని కళ్ళతో చూడడం లేదన్న సంగతి కూడా నీకే చెప్పాను. మందుల డబ్బాల అట్టల మీద ఏ రంగు ఎంత పడాలో కంప్యూటర్లో అంకెలుంటాయి. పెద్దత్తని లేపి ఆ అంకెలు చదువుకుని, ఇది ముదురు నీలం, ఇది వంగపండు అని చెప్పేవాడిని. ఇరవై ఆరేళ్ళు రంగుల మేస్త్రి అని పిలిపించుకున్నవాడికి అంకెలు కంఠతా రావడం పెద్ద పనేం కాదు. సాయంత్రం షిఫ్టులో నా కంప్యూటర్ మీదే అట్టలకి బొమ్మలు వేసే బొమ్మలావిడ కళ్ళు మండుతున్నాయని చిన్నమామని వేసి, తీయకుండా ఇంటికి పోతుంది. ఒక్కరోజు కూడా తీసి పోలేదు మహాతల్లి. పొద్దున్నే వచ్చి, పలక లేపి, రెండో కుర్చీ నొక్కి ఆ పసుపు తీసేయడం నా మొదటి పని. పోయిందో లేదో నాకు కనబడదు. నొక్కాను కాబట్టి పోయింది.

మంగళవారం కూడా అలాగే నొక్కాను. పది నిమిషాలకి నీ తమ్ముడు వచ్చాడు, వెనకాల యజమానురాలు. ఆవిడ ఎప్పుడూ మా గదికి రాదు. నీ తమ్ముడు అక్కడ మేనేజరు కదా, వాడే కుర్చీ తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"బావా, ఆ దగ్గుమందు అట్ట ఒకసారి తెరువు," అన్నాడు. తెరిచాను.

"మేస్త్రిగారూ, అట్ట అడుగు రంగు ఎలా ఉంది?" అంది ఆవిడ.

"పాలలా తెల్లగా ఉందండీ. అచ్చు ప్లేటుకి పంపించెయ్యొచ్చు."

పక్క గదిలో కాగితాలు కోసే మిషను ఆగి మళ్ళీ మొదలైంది.

"ఇంకోసారి చూడండి," అంది.

"చూశానండీ. తెలుపే. ఇన్నేళ్ళ సర్వీసులో తెలుపు కూడా పోల్చుకోలేనా?" అని నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంది.

ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, "తెర మొత్తం పసుపు రాసినట్టుంది మేస్త్రిగారూ. గుమ్మంలోంచే తెలుస్తోంది," అంది. అని వెళ్ళిపోయింది.

నీ తమ్ముడు ఉండిపోయాడు. నా పక్కన వంగి, ఎంతో మెల్లిగా, "బావా, చిన్నమామ కుర్చీ మారాడు. రెండో దాంట్లో నువ్వున్నావ్. చూసుకోలేదా?" అన్నాడు.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పసుపు పట్టుబడినందుక్కాదు. 'చిన్నమామ' అన్నందుకు. ఆ మాట నేను నోటితో ఎవరి దగ్గరా అనలేదు. ఆ నాలుగు పేజీల్లో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

"ఎవరు చెప్పార్రా నీకు?"

"అక్కే. ఆదివారం అమ్మని చూడ్డానికి వెళ్తే ఉత్తరం మొత్తం చదివి వినిపించింది. ఏడ్చుకుంటూనే చదివిందిలే. నా మీద కోప్పడకు బావా, నీ మంచికే చేశాం."

చేశాం! ఆ 'శాం' లో నువ్వున్నావు. వాడొక్కడే చేసి ఉంటే వాణ్ణి నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. వేలు పట్టుకుని ప్రెస్సుకి తెచ్చినవాణ్ణి, తిట్టే హక్కు నాకుంది. సోమవారం సాయంత్రం బొమ్మలావిడ వెళ్ళాక వాడు నా కుర్చీలో కూర్చుని, నేను రాసిన ప్రకారమే మూలన నొక్కి, పెన్సిల్ నొక్కి, నన్ను లేపి చిన్నమామ చోట కూర్చోబెట్టి, 'అయిపోయింది' నొక్కాడు. నా గొయ్యి నా చేతనే కొలతలతో సహా గీయించుకున్నారు అక్కా తమ్ముడూ. అత్తయ్యగారికి ఇంతకీ ఆ బటన్లు పెట్టావా? లేక ఆవిడ కళ్ళు శుభ్రంగానే ఉన్నాయా?

చీకట్లో లేచి మంచినీళ్ళకి వెళ్తూ గోడ తడుముకుంటే నువ్వు పట్టుకుని, ఏమిటండీ అన్నావు చూడు, ఆ రోజు చెప్పాను నీకు. కళ్ళు పోతున్నాయని మగాడు ఎవరితో చెప్పుకుంటాడు? నువ్వు నా చెయ్యి నీ ఒళ్ళో పెట్టుకుని, నా కడుపులో పెట్టుకుంటాను, బయటికి రానివ్వను అన్నావు. నమ్మాను. నిన్ను నమ్మడం ఒక పని అని కూడా నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఇప్పుడు అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే కూడా, ఇది ఎవరికి రాశావు, ఎవరికి చదివావు అన్నదే బుర్రలో తిరుగుతోంది. ఉద్యోగం పోయినా ఇంత బాధ ఉండేది కాదు. నన్ను మోసం చేశావు. చేతికి వేరే మాట రావడం లేదు, అదే రాస్తున్నాను.

ఉద్యోగం అసలు పూర్తిగా పోలేదు, అది కూడా చెప్పాలి. ఈ వారం ఇంట్లో ఉండి సోమవారం రమ్మన్నారు. కాగితాల గోదాములో ఒక కుర్చీ వేస్తారట. లోపలికి వచ్చే కట్టలూ బయటికి వెళ్ళే కట్టలూ చూసుకోవాలట. అందరూ మేస్త్రిగారూ అనే పిలుస్తారట, ఆ మాట ఆవిడ చేత నీ తమ్ముడే అనిపించాడట. కళ్ళు పోయినవాడికి ఇంతకంటే గౌరవంగా ఎవరూ చెయ్యరు. నాకూ తెలుసు.

నీ ఉత్తరంలో ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. దాన్ని దాటేసి సంతకం పెట్టేద్దామని రెండుసార్లు చూశాను. నువ్వు ఊరికి వెళ్ళిన రోజు బస్‌స్టాపులో నిచ్చెన భార్య నిన్ను పట్టుకుని ఏడ్చిందనీ, పోయిన ఏడు ఆ నీలం అట్టల రోజు నిజంగా ఏం జరిగిందో చెప్పమనీ అడిగావు. మా పెద్ద మిషను నడిపిన పొడుగాయన, మేమందరం నిచ్చెన అనేవాళ్ళం, ఆయన సంగతి.

చెబుతాను. పిల్లల మందు అట్టలు అవి. నీలం అంటే పిల్లలది, ఆకుపచ్చ అంటే పెద్దలది. నిచ్చెన మొదటి షీటు తడి ఆరకుండానే పట్టుకొచ్చి, "మేస్త్రీ, నీలం కాస్త ఆకుపచ్చకి తిరుగుతోంది, ఒకసారి చూడండి," అన్నాడు. కాగితం మీద అంకెలుండవు. కిటికీ దగ్గర పెట్టి చూశాను. బూడిద రంగు మరక తప్ప నాకేం కనబడలేదు. "ఇన్నేళ్ళ నుంచి చూస్తున్నాను, నువ్వా నాకు నేర్పేది? నడుపు మిషను," అని కసిరాను. నలభై వేల అట్టలు వెనక్కి వచ్చాయి. మందు నింపకముందే పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఏ తల్లి ఏ బిడ్డకి ఏ సీసా పోసేదో నేను అనుకోలేను.

విచారణలో యజమానురాలు అడిగింది, షీటు మీకు చూపించారా అని. చూపించలేదు అన్నాను. నిచ్చెన నా వైపు తిరిగి, "చూపించాను కదా మేస్త్రీ," అన్నాడు. ఒక్కసారే అన్నాడు. ఎలా చూశాడో నాకు తెలియదు, ఆయన మొహం నాకు మసకే. ఆ పూట అది నా అదృష్టం అనుకున్నాను. సాయంత్రానికి ఆయన్ని పంపించేశారు. పంతొమ్మిదేళ్ళు నడిపిన మిషనుని ఒకసారి తుడిచి వెళ్ళాడని తర్వాత ఎవరో అన్నారు. ఇప్పుడు ఎక్కడో పార్కింగులో బళ్ళకి కాపలా ఉంటున్నాడట.

నీకు అనుమానం వచ్చింది. సూటిగా అడిగితే నేను అబద్ధం ఆడతానని కూడా తెలుసు. ఆడేవాణ్ణే. ఇంకో షీటు, ఇంకో నిచ్చెన బలి కాకముందే ఆపాలనుకుని ఉంటావు. ఆ మాత్రం నాకూ అర్థమవుతుంది. అయినా నాకు చెప్పి చేసి ఉండాల్సింది. ముందు నన్ను ఏడిపించి, తర్వాత వాడి దగ్గర ఏడ్చి ఉండాల్సింది. ఈ ఒక్క విషయంలో నిన్ను క్షమించడానికి నాకు టైము పడుతుంది, తొందరపెట్టకు.

సోమవారం గోదాము కుర్చీలో కూర్చోకముందు యజమానురాలి గదికి వెళ్ళి, షీటు నాకు చూపించాడు, నిచ్చెన చెప్పిందే నిజం అని చెప్పాలి. చెబితే ఆ కుర్చీ కూడా ఉండదు, మేస్త్రిగారూ అనే పిలుపూ ఉండదు. రాస్తున్నంతసేపూ చెప్పగలను అనే అనిపిస్తోంది. ఆ గది గుమ్మం దగ్గరికి వెళ్ళాక నేనేం చేస్తానో నాకు నమ్మకం లేదు. నా ధైర్యం ఎంతో నీకు తెలియనిది కాదు.

ఈ కవరు నీకు శనివారానికి అందుతుంది. ఆదివారం నీ తమ్ముడు అమ్మని చూడ్డానికి వస్తాడు. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇది కూడా మొత్తం చదివి వినిపించు. ఈసారి నేనే చెబుతున్నాను. నిచ్చెన సంగతి వచ్చినచోట ఒక్క ముక్క కూడా వదలకు.

ఇట్లు,
నీ మీద కోపం ఇంకా తీరని
నీ పెనిమిటి