నా చేతి నీళ్ళు

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉండాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాకే కాగితం ముందు కూర్చున్నాను. దణ్ణం పెట్టుకున్నా కోపం మాత్రం తగ్గలేదు. అక్షరాలు వంకరగా ఉంటే అందుకేననుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు మెట్లెక్కేటప్పుడు తప్ప గుర్తుకు రావడం లేదు. మీ బావ కులాసా. వంటింటి కుళాయి తానే బాగుచేస్తానని విప్పి, ఇల్లంతా తడిపి, తప్పు కుళాయిదే అంటున్నారు. ఫ్యాక్టరీ స్టోర్సులో నీ స్నేహితుడు నీకిస్తానన్న పని ఏమైందని అడిగావు. అది చివర చెబుతాను.

నాకు కోపం తెప్పించింది నువ్వు ఆఖర్న రాసిన మాట. "నీకేమక్కా, ఉద్యోగముంది. నచ్చకపోయినా పని పనే. ఏడాదిగా ఖాళీగా ఉన్నవాణ్ణి, నన్నడుగు. ఎంత రోత పని ఇచ్చినా కళ్ళకద్దుకుని చేస్తాను" అన్నావు.

ఖాళీగా ఉండడమంటే ఏమిటో నాకు తెలియదనుకున్నావా? మీ బావకి పని లేని రోజులు నేను చూడలేదా? పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు గదిలో కూర్చునేవారు. ఎవరైనా తలుపు తడితే లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. కూరలో ఉప్పు తక్కువైనా అడిగేవారు కాదు. సంపాదన లేనివాడికి ఉప్పడిగే హక్కు కూడా లేదనుకున్నారో ఏమో. అందుకే నీ స్నేహితుడు తాను మేనేజరుగా ఉన్న బట్టల ఫ్యాక్టరీలో పని ఇస్తానంటే ఎగిరి గంతేశాను.

మరుగుదొడ్లు కడగడం, కుట్టుమిషన్ల దగ్గరికి నీళ్ళు అందించడం నా పని. మరుగుదొడ్ల కంపు ఇంటికొచ్చి స్నానం చేస్తే పోయేది. ఆ పని గురించి నీ దగ్గర ఒక్కనాడైనా ఏడ్చానా? రేకుల కప్పు కింద మాడిపోతూ అందరూ "అక్కా, నీళ్ళు!" అని కేకేసేవారు. దాహంతో ఉన్నవాళ్ళకి నీళ్ళివ్వడం పుణ్యం, పైగా జీతం కూడా ఇస్తున్నారని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

తర్వాత ఆర్డర్లు తగ్గాయి. మనుషుల్ని తీసెయ్యడం మొదలైంది. తీసేసిన మొదటి అమ్మాయి గొల్లున ఏడిస్తే, హాల్లో మిషన్లన్నీ ఆగిపోయి ఆ పూట పని సాగలేదు. మర్నాడు నీ స్నేహితుడు నన్ను పిలిచాడు.

"అక్కగారూ, మీ గొంతెంత చల్లగా ఉంటుందండీ! ఇక మరుగుదొడ్లు మీరు కడగక్కర్లేదు. తీసేసేవాళ్ళకి నేను చెప్పాల్సింది ఈ చిన్న గదిలో చెబుతాను. మీరు పక్కన కూర్చుని, గ్లాసుడు నీళ్ళిచ్చి, నాలుగు మంచిమాటలు చెప్పి వెనక గుమ్మంలోంచి పంపించెయ్యండి. ఏడుపు హాల్లోకి వినబడకూడదు, అంతే."

నీకు రాస్తే "ప్రమోషనక్కా!" అన్నావు. నేనూ అలాగే మురిశాను. వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని, "నారు పోసినవాడు నీరు పొయ్యడామ్మా" అని చెప్పి పంపేదాన్ని. చూశావా, దేవుణ్ణి కూడా తీసుకెళ్ళి ఆ ఫ్యాక్టరీలో పనికి పెట్టాను!

కొన్నాళ్ళకి హాల్లో నా చేతి నీళ్ళు తాగేవాళ్ళు లేకుండాపోయారు. జగ్గు పట్టుకుని వెళితే తలలు వంచుకునేవారు. అంత ఎండలోనూ ఎవరికీ దాహం లేదట! కటింగ్ మేస్త్రీ ఒకసారి, "అక్క నీళ్ళు ఒంటికి మంచివేగానీ ఉద్యోగానికి పడవు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, ఇంటికొచ్చి ముద్ద మింగలేకపోయాను.

మొన్న శుక్రవారం ఆ గదిలోకి కాజాల వదిన వచ్చింది. చొక్కాలకి కాజాలు కుడుతుంది కాబట్టి మాకందరికీ ఆ పేరే అలవాటు. మధ్యాహ్నం పూట నా పక్కనే కూర్చుని అన్నం తినే మనిషి. నన్ను చూసింది, గ్లాసు చూసింది.

"అయితే ఇవాళ నా వంతన్నమాట" అంది.

నీ స్నేహితుడు తన పాఠం అప్పజెప్పాడు. నేను గ్లాసు చాపాను.

"మెడ పట్టి గెంటే చేత్తోనే నీళ్ళిస్తావేంటి వదినా? తియ్యి."

అంతలోనే ఏడుపొచ్చి, చప్పుడు బయటికి రాకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ గదిలో గట్టిగా ఏడవకూడదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తనకే తెలుసు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

"చెప్పండి అక్కగారూ" అన్నాడు అతను.

"ఇది నావల్ల కాదు బాబూ. మళ్ళీ మరుగుదొడ్లే కడుగుతాను" అన్నాను.

నవ్వాడు. "దానికి ఎవరైనా దొరుకుతారండి. మేం జీతమిచ్చేది మీ చేతులకి కాదు, మీ గొంతుకి."

లేచి హాలు వైపు తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా స్టూలు అడ్డం పెట్టాను. "కొంగు తియ్యి వదినా. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా ఏడువు" అన్నాను.

ఏడ్చింది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి.

ఇప్పుడు చెబుతాను నీ పని సంగతి. అతను నా దగ్గరికొచ్చి మెల్లగా, "మీ తమ్ముడు సోమవారం వచ్చి చేరాల్సినవాడు. వాడి పెళ్ళాం పిల్లలు గుర్తున్నారా? ఆ స్టూలు తియ్యండి" అన్నాడు. నీ మొహం కళ్ళముందుకొచ్చింది. అబద్ధమెందుకు, నా చెయ్యి స్టూలు మీదికి వెళ్ళింది కూడా. కానీ తియ్యలేదురా. ఆ మధ్యాహ్నం గదిలోకి రావలసిన మనిషి స్టోర్సులో పనిచేసే పెద్దాయన. ఆయన లేస్తేనే నీకు కుర్చీ. ఆయనకి నీళ్ళివ్వాల్సింది నేనే.

గొప్ప పనేదో చేశానని రాయడం లేదు. కాసేపటికి మిషన్లు మళ్ళీ తిరిగాయి. కాజాల వదిన ఉద్యోగం పోయింది, నాదీ పోయింది, నీది రాకముందే పోయింది. పెద్దాయన మాట నాకు తెలియదు.

రోత పనైనా చేస్తానన్నావే, ఇలాంటిదీ కళ్ళకద్దుకునేవాడివా? ఆ జవాబు నాకు తెలియకపోవడమే నా కోపం. "పస్తైనా ఉండు, లేకపోతే పక్కవాడి కంచం లాక్కో, ఏది మేలో నువ్వే చెప్పు" అనేవాళ్ళ మీద ఇంకా కోపం.

ఇప్పుడు ముందు గదిలో నేను కూర్చుంటున్నాను. నిన్న మీ బావ వంట చేశారు. కూరలో ఉప్పు లేదు. "ఉప్పు లేదు, పట్టుకురండి!" అని నేను అరిచిన అరుపుకి ఆయన చేతిలో గరిటె జారిపోయింది.

మరదలికి చెప్పి ఒకసారి రా. నన్ను తిట్టే హక్కు నీకుంది, ఎదురుగా కూర్చుని తిట్టు. గుమ్మంలోకి రాగానే నీళ్ళిస్తాను. ముందు అవి తాగు.

ఇట్లు,
నీ రాక కోసం గ్లాసు కడిగి పెట్టుకున్న
నీ అక్క