నిటారు వీధి

చెట్లకు తప్ప ఎవరికీ తల వంచని మా అన్నయ్యకు,

నీ చెల్లెలు ఫోన్ మానేసి ఉత్తరం రాస్తోందంటే ఏదో కొంప మునిగిందనుకుంటావు. ఫోన్‌లో అయితే సగం మాట వినగానే నువ్వు ఒంటికాలి మీద లేస్తావు, మిగతా సగం నేను మింగేస్తాను. ఉత్తరానికి అడ్డు తగలలేవు కాబట్టి ఈ దారి పట్టాను. వదినను పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

శాసనసభలో మా బిల్లు కమిటీ ముందుకు వచ్చింది. అందులో మొదటి భాగం మాది. కొండచరియలు ఎక్కడ జారతాయో, నేల ఎక్కడ కుంగుతుందో చూసి, మ్యాపులు గీసి, జనానికి ముందే చెప్పే మా శాఖను శాశ్వతం చేయడం. ఇన్నాళ్ళూ మేము రవాణా శాఖవాళ్ళ పాత గోదాములో, వాళ్ళు విసుక్కున్నప్పుడల్లా రాళ్ళ పెట్టెలు ఈ గోడ నుంచి ఆ గోడకు జరుపుకుంటూ బతికాం. రెండో భాగం మీది. నగరాల్లో చెట్లు నాటి, పెంచి, కాపాడటానికి ప్రతి ఊళ్ళోనూ ఒక విభాగం. ఈ రెంటినీ ఒకే బిల్లులో ఎందుకు కుట్టారని ఒక సభ్యుడికి అనుమానం వచ్చింది. "రాళ్ళకూ చెట్లకూ ఏం చుట్టరికమమ్మా?" అన్నాడు. "మా ఇంట్లో అయితే అన్నాచెల్లెళ్ళ చుట్టరికమండీ" అన్నాను. గదంతా నవ్వింది.

నవ్వులయ్యాక అధ్యక్షురాలు కళ్ళజోడు సర్దుకుని పదకొండో సెక్షన్ మీద వేలు పెట్టింది. వాలు నేల మీద వంగిన చెట్టును మా శాఖ వచ్చి చూసేదాకా ఎవరూ లాగి నిలబెట్టకూడదు, కొట్టేయకూడదు అన్నది ఆ సెక్షన్. అది నేను రాసిందే. "ఇది ఎందుకు కావాలో ఒక్క వీధిలో చూపించండి. చూపించలేకపోతే తీసేస్తాం" అంది. వానలు తగ్గాక మళ్ళీ పిలుస్తామంది.

అన్నయ్యా, నాకు తెలిసినది ఒక్కటే వీధి. అది నీది.

ఊరంతా నిటారు వీధి అని పిలుచుకునే ఆ చెట్ల వరుస, మునిసిపల్ హాల్లో దాని ఫోటో, ఆ ఫోటో కింద నిలబడి నువ్వు చూసిన చూపు, అన్నీ నాకు గుర్తున్నాయి. ఆ రోజు నీకంటే నేనే ఎక్కువ పొంగిపోయాను. కానీ నేల మెల్లగా కిందికి జారుతుంటే ఆ సంగతి ముందు చెప్పేది దాని మీది చెట్టే. అది వంగుతుంది. నీ మనుషులు పైవైపు గుంజ పాతి, ఇనప తీగ కట్టి దాన్ని నిలబెడతారు. అది మీ పద్ధతి, దానికి నేను వంక పెట్టను. అయితే ప్రతి వానాకాలం తరవాతా ఆ తీగలు మళ్ళీ ఎందుకు బిగించాల్సి వస్తోంది? నిరుడు మీ ఇంటికి వచ్చినప్పుడు నీ మేస్త్రీ తీగ బిగిస్తుంటే చూశాను. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. వంట బాగాలేదేమోనని వదిన చిన్నబుచ్చుకుంది, నేను తలనొప్పి అని తప్పించుకున్నాను. తరవాత వచ్చి కొలతలు తీశాను. మీ వీధిలోని నీళ్ళ ట్యాంకు దాకా నేల కదులుతోంది. ట్యాంకు దాటి మీ ఇంటివైపు నాకు ఆధారం దొరకలేదు, అందుకని ప్రమాదపు గీత అక్కడే ఆపాను.

కమిటీలో ఆ వీధినే చూపిస్తాను. నీ తీగలే నేల కదలికను కనపడనివ్వలేదని చెబుతాను. ఇంకెవరి నోటో నువ్వు వినకూడదని ముందే నీ చెవిన వేస్తున్నాను. ఇది అనుమతి అడగడం కాదు. అయినా నువ్వు నాతో మాట్లాడటం మానేస్తే నేను తట్టుకోలేను. అదీ నిజమే కాబట్టి రాస్తున్నాను.

నీ రాళ్ళపిల్ల


రాళ్ళపిల్లకు,

ఉత్తరం అందింది. మీ వదిన రెండుసార్లు చదివి వినిపించింది. నాకు ఎక్కడెక్కడ మండుతుందో చూసుకుని, రెండోసారి అక్కడ మరీ నిదానంగా చదివింది.

ఆ వీధిలో గాలి ఎక్కువ. గాలికి చెట్టు ఊగుతుంది, తీగ సాగుతుంది, మేము బిగిస్తాం. దీనికి అంత చదువు అక్కర్లేదు. ఆ మొక్కలు వేసినప్పుడు అక్కడ నీడ లేక జనం గొడుగులు వేసుకుని నడిచేవాళ్ళు. ఇప్పుడు నువ్వొచ్చి, నేను గోతి మీద చాప పరిచానంటున్నావు. నలుగురి ముందు నా చెల్లెలే ఆ మాట అంటే నేను ఏ ముఖం పెట్టుకుని పనిలోకి వెళ్ళాలి?

సరే, నీదే తప్పని నేనే చూపిస్తాను. రేపటి నుంచి తీగలన్నీ వదులు చేయిస్తున్నాను. పడిపోకుండా కాస్త ఎడంగా ఊతకర్రలు పెడతాం, లాగి మాత్రం పట్టం. వానలు వెళ్ళేసరికి నా చెట్లు నిటారుగా ఉంటే, ఆ కమిటీ ముందే నువ్వు నాకు క్షమాపణ చెప్పాలి. ఒప్పుకుంటావా?

అన్నయ్య

కింద నేను రాస్తున్నాను. ఆయన కోపం ఉత్తరంలోనే ఉందమ్మాయ్. పొద్దున్నే గొడుగేసుకుని చెట్లు చూసి వస్తున్నారు. నువ్వు ధైర్యంగా ఉండు. — వదిన


మా ఇంటి రాళ్ళపిల్లకు,

నువ్వు కమిటీ గదిలోకి అడుగు పెట్టకముందే ఈ కవరు నీ చేతికివ్వమని మా లారీ డ్రైవరుకు గట్టిగా చెప్పాను. దారిలో టీ తాగడం మొదలుపెడితే లోకం మరిచిపోతాడు, అందుకే భయం.

పందెం నేను ఓడాను. వానలు పట్టుకోగానే వీధి ఎగువన ఉన్న చెట్లు వాలడం మొదలైంది. గాలి అని సరిపెట్టుకుందామంటే, గాలికైతే తలొక వైపూ ఊగాలి. ఇవన్నీ ఒకే వైపు, కిందికే వాలాయి. మేస్త్రీ నా ముఖం చూశాడు, నేను ఆకాశం చూశాను.

నీకు తెలియనిది ఇంకొకటుంది. నువ్వు గీత ట్యాంకు దగ్గర ఆపావు, చెట్లు ఆపలేదు. ట్యాంకు దాటి మా మలుపు దాకా అన్నీ వాలాయి. మా గేటు ముందు చెట్టు, మీ వదిన కాపురానికి వచ్చిన కొత్తలో బిందెలతో నీళ్ళు మోసి పెంచినది, ఇప్పుడు మేడ కిటికీకి ఆనుకుని ఉంది. వంటింటి తలుపు పట్టేస్తోందని ఇన్నాళ్ళూ వడ్రంగిని నానా మాటలూ అన్నాను. పాపం, అతని తప్పేమీ లేదు. ఇల్లే కదులుతోంది.

కాబట్టి ఆ గీతను మా ఇంటి మీదుగా గియ్యి. నేను అన్నయ్యనని చెయ్యి వెనక్కి తీసుకున్నావంటే నిన్ను క్షమించను. కమిటీలో నా పేరుతో సహా చెప్పు, ఈ కాగితం చదివి వినిపించు. మీ సెక్షన్ మాత్రం మార్చాలి. మీరు వచ్చి చూసేదాకా కట్టొద్దంటే, ఈలోగా చెట్టు ఎవరి నెత్తినో పడుతుంది. కట్టనివ్వండి. ఒకసారి కట్టిన తీగను మళ్ళీ బిగించాల్సి వస్తే మాత్రం, బిగించకముందే మీకు కబురు పెట్టి తీరాలని రాయండి. నువ్వు ఎప్పుడూ చెట్టు కట్టలేదు కనుక నీకది తట్టలేదు, నేను ఎప్పుడూ నేల కొలవలేదు కనుక నాకిది తట్టలేదు.

వీధివాళ్ళకు ఇంటింటికీ వెళ్ళి నేనే చెప్పాను. కొందరు తిట్టారు, పడ్డాను. ఎగువ ఇళ్ళవాళ్ళు అప్పుడే చుట్టాల ఇళ్ళకు వెళ్ళిపోయారు. మేమూ సామాను సర్దుతున్నాం. నీ ముందు గదిలోని రాళ్ళ పెట్టెలు ఎక్కడికైనా జరుపు, అక్కడ మీ వదినా నేనూ పడుకోవాలి, పనికి నేను అక్కడి నుంచే బస్సులో వచ్చిపోతాను. మాట్లాడటం మానేస్తానేమోనని భయపడ్డావు కదా, ఇక రోజూ విందువుగాని.

నిన్న మునిసిపల్ హాలుకు వెళ్ళి ఆ ఫోటో నేనే దింపాను. దింపేటప్పుడు ఏడుపొచ్చింది, నీతో అబద్ధమెందుకు. మేకు మాత్రం పీకలేదు. మా ఇల్లు కూడా కలిపి మ్యాపు గీశాక తెచ్చి అక్కడ తగిలించు. వంకరగా తగిలిస్తే మాత్రం ఊరుకోను, నేను రోజూ దాని ముందు నుంచే పనిలోకి వెళ్ళాలి.

నీ అన్నయ్య